నలుగురు ఎత్తుకుంటేనే పాట

ఏటా వందల పాటలొస్తాయి. యూట్యూబులో నాలుగు వారాలు మోగి, బరాత్‌లలో రెండు నెలలు ఆడి, ఆ తర్వాత జాడ లేకుండా పోతాయి. నల్గొండ గడ్డ మీద తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ మాత్రం సుమారు 80 ఏళ్లయినా జనం నోట ఉంది. ఆయనకు రికార్డు లేదు, మైకు లేదు. ఆ పోరులోనే ప్రాణం ఇచ్చాడు. మరి పాట ఎట్లా బతికింది?

సినిమా బతికించిందంటారు. కొంత నిజమే. 1979 నాటి ‘మా భూమి’లో గద్దర్ తెర మీద పాడాక అది తెలంగాణ దాటింది. కానీ అంతకు ముప్పై ఏళ్ల ముందు నుంచీ జనం పాడుతున్నారు కాబట్టే సినిమా దాకా వచ్చింది.

ఆ పాట కట్టుబడి చూడండి. ముందు పాడేవాడు చరణం ఎత్తుకుంటాడు, గుంపు పల్లవి అందుకుంటుంది. రాగం మరీ పైకి పోదు, మరీ కిందికి దిగదు. సాధన లేని గొంతుకూ అందుతుంది. డప్పు ఉంటే మంచిదే, లేకుంటే చప్పట్లు చాలు. పల్లవిలో నిలదీసేది నైజాం సర్కారును. అక్కడ ఇంకో పేరు పెట్టినా లయ చెడదు. ఇట్లాంటి పాటకు కాలం చెల్లదు, ఎందుకంటే ఏ తరానికి కావలసిన కోపాన్ని ఆ తరం అందులో నింపుకుంటుంది.

నల్గొండ జిల్లాకే చెందిన కవి సుద్దాల హనుమంతుకు ఈ మర్మం బాగా తెలుసు. కొత్త బాణీల కోసం వెతక్కుండా గొల్లసుద్దులు, బుర్రకథ వంటి జనం కళల్లోనే వెట్టి బతుకును చెప్పాడు. వినేవాడికి వరస ముందే వచ్చు, మాట ఒక్కటే కొత్త. అమెరికాలో బాబ్ డిలన్ చేసిందీ ఇదే. ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ బాణీకి మూలం బానిసత్వ కాలపు నల్లజాతివారి పాట.

పాట నిలవడం ఒకటి, కళాకారుడు నిలవడం ఇంకొకటి. పాలమూరు బిడ్డ గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో ‘కుబుసం’ సినిమాతో ఊరూరా తిరిగింది. ఆ ఒక్క పాట మీదే ఆయన ఆగిపోలేదు. వాగులు, చెట్లు, పిట్టలు, సంతల మీద కడుతూనే ఉన్నాడు. సభల్లో తానే ఆడి పాడుతున్నాడు. ‘వల్లంకి తాళం’ కవిత్వానికి 2021 సాహిత్య అకాడెమీ పురస్కారం దక్కింది. కొత్త పాట, ఎదురుగా జనం: ఈ రెండూ తెగకపోవడమే ఆయన బలం.

పాలమూరువాడే అయిన కిన్నెర మొగులయ్య సంగతి చూస్తే మనసు కలుక్కుమంటుంది. పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెప్పే ఆయన గొంతు 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో దేశమంతా వినపడింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి పోతున్నట్టు పత్రికలు రాశాయి. గొంతులో లోపం లేదు, విద్యలో లోపం లేదు. వెనకటికి ఆయన వంటి దక్కలి కళాకారులను ఆదరించే ఇళ్లుండేవి. ఏటా వచ్చి కథ చెబితే గింజలో పైసలో ఇచ్చేవారు. ఆ ఏర్పాటు పోయింది, దాని స్థానంలో ఏదీ రాలేదు. సినిమా పేరు తెస్తుంది గానీ నెలనెలా వేదిక ఇవ్వదు. కిన్నెర నేర్పే బడి పెట్టి, ఆ విద్య తెలిసినవాళ్లకు జీతమిచ్చి గురువులుగా కూర్చోబెట్టడం సర్కారుకు మోయలేని ఖర్చేమీ కాదు.