ప్యాకెట్ ముందు రాగి.. వెనక మైదా!

సాలూరు దాటాక ఒడిశా వైపు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి పాచిపెంట మండలం గుండా కొండెక్కుతుంది. ఈ దారి పక్క సంతల్లో కాసేపు నిలబడితే భలే తమాషా కనిపిస్తుంది. కొండ మీంచి కిందికి దిగే సంచుల్లో చోళ్లు, సామలు, కందులు, చింతపండు. కింది నుంచి పైకెక్కే అట్టపెట్టెల్లో ఐదు రూపాయల చిప్స్, క్రీమ్ బిస్కెట్లు, రంగునీళ్ల సీసాలు. చోళ్లంటే కంగారు పడకండి. మిగతా రాష్ట్రమంతా రాగులు అంటుందే, మా ఉత్తరాంధ్రలో వాటి పేరే అది.

దిగిన ఆ చోళ్ల కథ అక్కడితో అయిపోదు. హైదరాబాద్ వచ్చి, మొహానికి ఆకుపచ్చ రంగు పూసుకుని, ‘మిల్లెట్ కుకీస్’, ‘డైట్ రాగి చిప్స్’, ‘గిల్ట్ ఫ్రీ స్నాక్’ అని పేరు మార్చుకుని మన ఆఫీస్ ప్యాంట్రీలో కూర్చుంటుంది. బరువు తగ్గాలనుకునే ప్రతివాడి చెయ్యీ ముందు దాని మీదికే వెళ్తుంది. నేనూ అదే ప్యాంట్రీలో టీ తాగే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్నే కాబట్టి ఆ ప్యాకెట్లు తిప్పి చూడటం ఒక అలవాటైంది. ముందువైపు మార్కెటింగ్ వాళ్లది. అసలు సోర్స్ కోడ్ అంతా వెనకవైపే ఉంటుంది.

బ్రాకెట్‌లో ఎంత శాతం?

వెనక ఉన్న పదార్థాల జాబితాకి ఒక రూలుంది. ఏది ఎక్కువ బరువులో వేశారో అది ముందు రావాలి. అంటే మొదటి మూడు పేర్లు చదివితే సగం విషయం తెలిసిపోయినట్టే. మొదటిది మైదా, రెండోది చక్కెర, మూడోది పామాయిల్ అయితే, ముందువైపు ఎంత పెద్ద రాగి కంకి బొమ్మ వేసినా అది మైదా బిస్కెట్టే. లేబుల్ మీద ‘గోధుమ పిండి’ అని ఉన్నా దాని ముందు ‘రిఫైన్డ్’ అని ఉందేమో చూడండి. అదీ మైదాయే.

ఇంకో రూలు చాలామందికి తెలీదు. ప్యాకెట్ మీద ఏదైనా పదార్థాన్ని పేరుతోనో బొమ్మతోనో హైలైట్ చేస్తే, అది ఎంత శాతం వేశారో చెప్పి తీరాలి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేబులింగ్ నిబంధనల్లో ఉన్నదే ఇది. కాబట్టి ‘రాగి పిండి’ అన్న మాట పక్కన బ్రాకెట్ వెతకండి. అందులో అంకె చూశాక కొనాలో వద్దో మీకే తెలిసిపోతుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఏంటో ఆ బ్రాకెట్ చెప్పినంత బాగా ఏ తెలుగు మాస్టారూ చెప్పలేరు.

‘షుగర్ ఫ్రీ’ సంగతి ఇంకొంచెం చిత్రం. వంద గ్రాముల్లో అర గ్రాముకి మించి చక్కెర లేకపోతే ఆ మాట రాసుకోవచ్చు. మైదా, నూనె ఎంతున్నా ఆ మాటకి అడ్డు లేదు. కొన్నింట్లో చక్కెర బదులు మాల్టిటాల్ లాంటివి వేస్తారు. వాటిలో కేలరీలు సున్నా కాదు, చక్కెరలో దాదాపు సగం ఉంటాయి. ఎక్కువ తింటే కడుపు కూడా ఊరుకోదు. ఇక సుక్రలోజ్ లాంటి కేలరీల్లేని తీపి పదార్థాల మాటకొస్తే, బరువు తగ్గడం కోసం వీటి మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023 మేలో చెప్పింది. ‘నో యాడెడ్ షుగర్’ అని రాసిన ఎనర్జీ బార్ ఖర్జూరం ముద్దతో చేసిందైతే, అందులో విడిగా చక్కెర వేయక్కర్లేదు. ఎండు ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరే కదా!

నమలడానికి టైమ్ పట్టాలి

సరే, కేలరీలు చూసుకుని లెక్క ప్రకారం తింటే ప్యాకెట్ అయితేనేం అంటారా? దీనికి మంచి ప్రయోగమే ఒకటి జరిగింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, ఇంకో రెండు వారాలు మామూలు వంట పెట్టింది. రెండింటిలోనూ ముందు పెట్టే కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్ చేసిన తిండి తిన్న రోజుల్లో వాళ్లు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ లాగించారు, దాదాపు 900 గ్రాముల బరువు పెరిగారు. మామూలు తిండి రోజుల్లో అంతే తగ్గారు. 2019లో వచ్చిన ఈ ఫలితాల్లో నన్ను ఆకట్టుకున్న ముక్క ఇంకోటుంది. ప్రాసెస్ చేసిన తిండిని వాళ్లు ఎక్కువ స్పీడుగా తిన్నారు.

నాకైతే అసలు కిటుకు అక్కడే ఉందనిపిస్తుంది. ఫ్యాక్టరీలో ధాన్యం మెత్తటి పిండై, నూనె పట్టి, నోట్లో పెట్టగానే కరిగిపోయేలా తయారవుతుంది. పది నిమిషాలు నమలాల్సింది అర నిమిషంలో లోపలికి పోతుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకి చేరేలోపు ప్యాకెట్ ఖాళీ.

ఇప్పుడు మా వైపు చిరుతిళ్లు చూడండి. చలికాలం వస్తే పల్లం ఊళ్లలో తాటి తేగలు. కాల్చినవో ఉడికించినవో ఒక కట్ట ముందేసుకుంటే, పీచు తీసుకుంటూ, కొరుక్కుంటూ తినడానికి ఒక సినిమా సగం అయిపోతుంది. సంక్రాంతి రోజుల్లో కొండ ఊళ్లలో పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెడతారు. ఒక్కో కాయా ఒలుచుకుని తినాలి తప్ప గుప్పెళ్లతో బుక్కడానికి కుదరదు. వానాకాలం నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేసవిలో పనస పిక్కలు. వీటిలో ఏదీ హడావిడిగా అయిపోదు. వాటి పీచే వాటికి స్పీడ్ బ్రేకర్.

గింజల్లో నాకిష్టమైనవి ఉలవలు. వంద గ్రాముల్లో 20 గ్రాములకి పైగా ప్రొటీన్. నానబెట్టి, ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ పిండుకుంటే సాయంత్రం నాలుగింటికి దీన్ని మించింది లేదు. వేయించిన శనగలు ఒక గుప్పెడు, అంటే ఓ 30 గ్రాములు, సుమారు 110 కేలరీలు. అంతే బరువు వేరుశనగ పిక్కలైతే 150 దాటతాయి. కాబట్టి వాటిని గిన్నెలో కొలిచి పెట్టుకోవాలి. డబ్బా పక్కన పెట్టుకుని కాల్‌లో కూర్చుంటే కుదరదు. మన జీడిపప్పు ఇంకా బరువైనది. జామకాయ మాత్రం రెండు తిన్నా భయం లేదు. విశాఖ బీచ్‌లో అమ్మే మురీ మిక్చర్ కూడా నూనె బూందీ మానేసి, పిక్కలు, ఉల్లి, టమాటా, నిమ్మరసం దట్టిస్తే మంచిదే.

ఇంట్లో చేసిందంతా మంచిదేనన్న భ్రమ కూడా వద్దు. రాగి జంతికలైనా సెనగపిండి జంతికలైనా మూకుడులో నూనె ఒకటే. అమ్మ చేసిందని నూనె తక్కువ పీల్చుకోదు.

అలాగని చోళ్లు మంత్రం కాదు

ఖాదర్ వలీ ప్రసంగాలు యూట్యూబ్‌లో ఊపందుకున్నాక, ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, మిల్లెట్ అంటే చాలు బరువు తగ్గుతుందన్న నమ్మకం మన వాట్సాప్ గ్రూపుల్లో స్థిరపడిపోయింది. లెక్క చూద్దాం. వంద గ్రాముల బియ్యంలో సుమారు 356 కేలరీలు, రాగుల్లో 320. తేడా అంతే. ప్లేటు నిండా అన్నం మానేసి ప్లేటు నిండా సంగటి తింటే త్రాసు ముల్లు కదలదు. రాగుల గొప్పదనం వేరే చోట ఉంది. పీచు 11 గ్రాములు, కాల్షియం 360 మిల్లీగ్రాములకి పైమాట. ఇంకోటి, పిండి ఎంత మెత్తగా ఉంటే జావ అంత త్వరగా అరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు రాగి జావని ఇష్టమొచ్చినట్టు తాగేయకుండా, ఒకసారి తాగాక గ్లూకోమీటర్‌తో చూసుకోవడం మేలు.

2023 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు పిల్లలకి బెల్లం వేసిన రాగి జావ ఇవ్వడం మొదలైంది. ఎదిగే పిల్లలకి అది బంగారం. పొద్దున్నించీ కుర్చీకి అతుక్కుపోయి, ఆరు కిలోలు తగ్గాలనుకునే మనకి మాత్రం ఆ బెల్లం అక్కర్లేదు.

ఈ తేడా చెప్పడానికి ఒక కారణం ఉంది. మన బాధ పొట్ట తగ్గడం లేదని. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధన 2025లో తేల్చింది. మనం కంగారుపడాల్సిందే. పాచిపెంట కొండల్లో చూస్తే ఆడవాళ్లకి, పిల్లలకి రక్తహీనత ఏళ్ల తరబడి ఉన్న సమస్య. కానీ రీల్స్ రెండు చోట్లకీ ఒకేలా వెళ్తున్నాయి. హాస్టల్లో ఉండే ఇంటర్ అమ్మాయి కూడా రాత్రి అన్నం మానేసి సన్నబడమనే వీడియో చూస్తోంది. ఆ పిల్లకి కావాల్సింది గుడ్డు, పప్పు, ఆకుకూర. డైట్ కాదు. ఇంట్లో చెల్లెళ్లుంటే ఈ మాట వాళ్లకి చెప్పండి.

అదే కొండల్లో ఐదు రూపాయల ప్యాకెట్ల సంగతి నాకు ఇంకా గుచ్చుకుంటుంది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది, అది చిన్న మేలు కాదు. దాంతోపాటు కంచంలో చోళ్లు, సామల చోటూ తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు చిరుతిండి చోటు కూడా ప్యాకెట్లకి పోతోంది. పండించే ఇంట్లో పిల్లాడు చిప్స్ తింటుంటే, వాళ్ల గింజల్ని మనం మైదాలో కలిపించుకుని నాలుగింతల రేటుకి ‘డైట్’ అని కొంటున్నాం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

మీ సంగతికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. అల్ట్రా ప్రాసెస్డ్ తిండి తగ్గించమనీ, లేబుళ్లు చదవమనీ వాటిలోనే ఉంది. ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దని కూడా అన్నారు, జిమ్ ఫ్రెండ్స్‌కి కోపం వచ్చినా సరే. వారానికి అర కిలో తగ్గితే అది క్షేమమైన వేగం. ‘పది రోజుల్లో ఐదు కిలోలు’ అనేవాడిని అన్‌ఫాలో చేసేయండి.

అంబలి ఆఫీసుకి ఎలా?

రాత్రి మూడు చెంచాల చోడి పిండి నీళ్లలో కలిపి మూతపెట్టండి. పొద్దున్నకి కాస్త పులుస్తుంది. గుప్పెడు నూకలు విడిగా ఉడికించి, ఈ పిండి నీళ్లు పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ చిక్కబడేదాకా ఉంచాలి. బరువు తగ్గేవాళ్లు నూకలు సగం చేసుకోవచ్చు. చల్లారాక పల్చటి మజ్జిగ, ఉప్పు కలిపితే అయిపోయినట్టే. మూత గట్టిగా ఉండే స్టీలు సీసాలో పోసుకోండి. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి విడిగా చిన్న డబ్బాలో తీసుకెళ్లి పదకొండింటికి నంజుకుంటూ తాగండి. ముందే కలిపేస్తే మీటింగ్ రూమంతా వాసనే. ఎండాకాలంలో ఇది త్వరగా పులుస్తుంది కాబట్టి ఆఫీస్ ఫ్రిజ్‌లో పెట్టుకోండి. సీసా మీద పేరు రాయడం మర్చిపోవద్దు, మా దగ్గర రెండుసార్లు మాయమైంది.