మూసిన తలుపులు, మరిగే నీళ్లు: చలికాలంలో మన పిల్లల భద్రత



డిసెంబరు వచ్చిందంటే వరంగల్, హన్మకొండ, కాజీపేట ఎక్కడైనా పొద్దున్నే పిల్లల్ని దుప్పట్లోంచి లేపడమే ఒక పెద్ద పని. స్కూల్ బస్సు వచ్చేలోపు నీళ్లు కాగాలి, స్నానం, టిఫిన్ అయిపోవాలి, నిన్న విప్పిన స్వెటర్ దొరకాలి. ఈ హడావుడి మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆరోగ్యంగా ఉండి, స్వెటర్ వేసుకున్న పిల్లలు మన ఊరి చలిని బాగానే తట్టుకుంటారు. ఆ చలిని తప్పించుకోవడానికి ఇంట్లో మనం చేసే పనులతోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. తలుపులు, కిటికీలు బిగించేస్తాం. నీళ్లు త్వరగా కాగే పద్ధతి వెతుకుతాం. దగ్గు వినిపించగానే అల్మారాలో మిగిలిన సిరప్ తీస్తాం. ప్రమాదాలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

బాత్రూంలో గ్యాస్ గీజర్

కరెంటు బిల్లు తగ్గుతుందని, నీళ్లు వెంటనే వేడెక్కుతాయని చాలా ఇళ్లలో గ్యాస్ గీజర్ పెట్టిస్తున్నారు. అది బాత్రూం లోపలే ఉంటే దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి.

గ్యాస్ మండాలంటే ఆక్సిజన్ కావాలి. చిన్న బాత్రూంలో తలుపు గడియ పెట్టి, చలిగాలి రాకుండా వెంటిలేటర్ కూడా మూసేస్తే లోపలి ఆక్సిజన్ తగ్గిపోతుంది. అప్పుడు గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తయారవుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. దాంతో మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. సిలిండర్ లీకైతే వాసన వస్తుంది, ఎందుకంటే మనం గుర్తుపట్టడానికే వంటగ్యాస్‌లో వాసన వచ్చే రసాయనం కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం మొదలై, ఆ తర్వాత కాళ్లలో బలం పోతుంది. గడియ తీయాలని తోచినా చేయి లేవకపోవచ్చు.

చేయాల్సినవి ఇవి:

• గీజర్‌ను, సిలిండర్‌ను బాత్రూం బయట, గాలి ఆడే చోట పెట్టించండి. పైపు ద్వారా వేడినీళ్లు మాత్రమే లోపలికి రావాలి.
• మార్చే వరకు గీజర్‌తో బకెట్ నింపుకొని, దాన్ని ఆపేసి, తలుపు కాసేపు తెరిచి ఉంచి, ఆ తర్వాతే పిల్లల్ని స్నానానికి పంపండి.
• వెంటిలేటర్ ఎప్పుడూ మూయకండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా గాలి లోపలికి వచ్చే దారి కూడా ఉండాలి.
• చిన్నపిల్లలు లోపల గడియ పెట్టుకోకూడదు. పెద్ద పిల్లలైనా పది నిమిషాలు దాటితే బయటి నుంచి పిలవండి. జవాబు రాకపోతే ఆలోచించకుండా తలుపు తెరవండి, అవసరమైతే పగలగొట్టండి.
• లోపల ఎవరైనా పడిపోయి ఉంటే తలుపులన్నీ తెరిచి, గ్యాస్ కట్టేసి, వారిని వెంటనే బయటి గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి.

కుంపటి, సాంబ్రాణి, దోమల కాయిల్

బాలింత, పసిబిడ్డ ఉన్న గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం, బిడ్డకు తలస్నానం కాగానే సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్లలో ఉన్నదే. నానమ్మలు, అమ్మమ్మలు ప్రేమతో చేసే పని ఇది. అయితే వాళ్ల కాలంలో ఇంటికి పెంకుల కప్పు ఉండేది, వాకిలి తెరిచి ఉండేది, పొగకు దారి దొరికేది. ఇప్పటి స్లాబు ఇంట్లో, అద్దాల కిటికీలు బిగించిన గదిలో ఆ దారి లేదు. నిప్పులు కూడా కార్బన్ మోనాక్సైడ్‌నే వదులుతాయి. పొగ కనిపించని ఎర్రటి బొగ్గులైనా అంతే.

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ అనే కొండ ఊరికి విహారానికి వెళ్లిన కేరళ పర్యాటకులు 8 మంది రిసార్ట్ గదిలో తలుపులు, కిటికీలు మూసి, గ్యాస్ హీటర్ పెట్టుకొని పడుకున్నారు. తెల్లారేసరికి అందరూ స్పృహ లేకుండా ఉన్నారు, ఎవరూ బతకలేదు. వారిలో నలుగురు పిల్లలు. దామన్ అంత చలి మనకు లేదు గానీ, మూసిన గదిలో నిప్పు ఎక్కడైనా ఒకేలా పనిచేస్తుంది.

పెద్దవాళ్లతో వాదన పెట్టుకోనక్కరలేదు. కుంపటిని వరండాలో పెట్టి, గది వేడెక్కాలంటే మందపాటి పరదా, నేల మీద చాప, బిడ్డకు టోపీ, సాక్సులు చాలని చెప్పి చూడండి. పడుకునే గదిలో మాత్రం రాత్రంతా నిప్పు ఉండకూడదు.

దోమల కాయిల్ సంగతి కూడా ఇంతే. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఆస్తమా ఉన్న పిల్లల గదిలో కాయిల్ అసలు వద్దు, దోమతెర కట్టండి.

బకెట్‌లో హీటర్ రాడ్

రాడ్ చవక, అద్దె ఇంట్లోనూ వాడుకోవచ్చు. అందుకే దాదాపు ప్రతి వీధిలో కనిపిస్తుంది. ఒక మామూలు రాడ్ 1500 వాట్లది. అంటే 230 వోల్టుల దగ్గర సుమారు 6.5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్ దీనికి సరిపోదు, ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలే పనికిరాదు. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి.

పద్ధతి ఎప్పుడూ ఒకటే: ముందు రాడ్ నీళ్లలో, తర్వాత స్విచ్. తీసేటప్పుడు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఆ తర్వాతే రాడ్ ముట్టుకోవాలి. నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడటం మన అలవాటు. ప్రాణాలు తీసేది ఆ అలవాటే. ఇనుప, స్టీలు బకెట్ అయితే బకెట్‌ను తాకినా షాక్ కొట్టవచ్చు.

ఇంకొక చిక్కు కరెంటు కోత. మధ్యలో కరెంటు పోతుంది, అందరూ రాడ్ సంగతి మరిచిపోతారు. పిల్లవాడు బకెట్‌లో చేయి పెట్టిన క్షణంలోనే కరెంటు రావచ్చు. అందుకే కరెంటు పోగానే ప్లగ్ పీకేయండి. రాడ్ పెట్టిన గదిలోకి పిల్లల్ని వెళ్లనివ్వకండి. మీ మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. లీకేజీ కరెంటును పసిగట్టి అది సప్లయి ఆపేస్తుంది.

వేడినీళ్లు, ఆవిరి గిన్నె

60 డిగ్రీల వేడి నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే కొద్ది సెకన్లలో లోతుగా కాలుస్తాయి. పిల్లల చర్మం పల్చన కాబట్టి ఇంకా త్వరగా కాలుతుంది. బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి తర్వాత వేడినీళ్లు కలపండి. మోచేతితో తాకి చూశాకే పిల్లల్ని పిలవండి. కరెంటు గీజర్ అయితే థర్మోస్టాట్ 50 డిగ్రీలు దాటనివ్వకండి.

జలుబు చేసిందని మరిగిన నీళ్ల గిన్నె ముందు పెట్టి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించడం చిన్నపిల్లలకు మంచిది కాదు. ఒక్క కదలికతో గిన్నె ఒడిలోకి ఒరుగుతుంది. కర్పూరం కూడా వారికి అందకుండా దాచండి. మింగితే ఫిట్స్ రావచ్చు.

కాలితే ఆ చోటును కుళాయి నీళ్ల ధార కింద 20 నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్ట్, పసుపు, సిరా, ఐస్ ఏవీ పెట్టకండి. శుభ్రమైన పల్చటి బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అల్మారాలో మిగిలిన దగ్గు మందు

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కోల్డ్రిఫ్ అనే దగ్గు సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. అందులో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అక్టోబరులో మన తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ఆ సిరప్ వాడవద్దని హెచ్చరించింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడే రాష్ట్రాలకు చెప్పింది.

మామూలు జలుబు, దగ్గు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. గోరువెచ్చని నీళ్లు, చారు, విశ్రాంతి చాలు. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు చెంచా తేనె ఇవ్వవచ్చు. ఏడాదిలోపు వారికి తేనె ఇవ్వకూడదు.

జ్వరం మందు దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్నది ఒకటి, 250 ఉన్నది ఇంకొకటి. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. అక్కకు రాసిన సీసాలోంచి తమ్ముడికి అదే మూతతో పోస్తే డోసు ఎంతో తేడా వస్తుంది. డోసు బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పాలి.

ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేయడం, నీళ్లు కూడా తాగలేకపోవడం, మగతగా పడి ఉండటం, ఏడాది దాటిన ఐదేళ్లలోపు బిడ్డ నిమిషానికి 40 సార్లకు మించి ఊపిరి తీయడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఇన్‌హేలర్ వాడే పిల్లలైతే క్లాస్ టీచర్‌కు డైరీలో రాసి పంపండి.

స్కూలుకు వచ్చే దారి

మంచు ఉన్న రోజు ఐదు నిమిషాలు ముందు బయలుదేరండి, బండికి లైటు వేయండి. వెనక కూర్చున్న పిల్లల మఫ్లర్, మీ చున్నీ, శాలువా చక్రంలో పడకుండా లోపలికి దోపండి.

ఈ ఆదివారం ఇంట్లో చూడండి

• గ్యాస్ గీజర్ బాత్రూం లోపల ఉందా, బయట ఉందా?
• వెంటిలేటర్‌కు అట్టముక్క, పాత బట్ట అడ్డం పెట్టారా? తీసేయండి.
• బాత్రూం గడియను అవసరమైతే బయటి నుంచి తీయగలమా?
• రాడ్ వైరు ఎక్కడైనా తెగిందా? టేపు చుట్టి వాడుతున్నారా? కొత్తది కొనండి.
• తేదీ దాటిన, ఎవరికి రాశారో గుర్తులేని సిరప్‌లు ఎన్ని ఉన్నాయి?

ఈ లిస్టు పట్టుకొని మీ పిల్లలతోనే ఇల్లంతా తిప్పించండి. దహనం గురించి సైన్స్ పుస్తకంలో చదివిన పిల్లవాడు గీజర్ ముందు నిలబడి ఆక్సిజన్ ఎందుకు కావాలో మీకే వివరిస్తాడు. ఇంట్లో నానమ్మకు కూడా మనం చెబితే కన్నా మనవరాలు చెబితే త్వరగా ఎక్కుతుంది.

అన్నీ ఒకేరోజు మార్చలేకపోయినా, ఈ రాత్రికి రెండు పనులు చేయండి. పడుకునే గదిలో నిప్పు లేకుండా చూడండి, బాత్రూం వెంటిలేటర్ తెరవండి. రెండింటికీ రూపాయి ఖర్చు లేదు.