బొంతకు కత్తెర తగిలితే

చలి మొదలయ్యే కార్తీకంలో అటక మీది బొంతలు కిందికి దిగుతాయి. ఎండలో వేస్తారు, దులుపుతారు. ఎక్కడైనా దారం వేలాడుతుంటే కత్తిరిస్తారు. సరిగ్గా అప్పుడే కత్తెర మొన పై గుడ్డకు తగులుతుంది. ఈ మధ్య దీనికి ఇంకో కారణం తోడైంది. మంచం మీదే కూర్చుని పార్సిళ్ళను బ్లేడుతో కోయడం. ఎలా జరిగినా పడేది గోరంత కోత. చిన్నదే కదా అని కొందరు అలాగే కప్పుకుంటారు. ఇంకొందరు చేతికందిన దారంతో రెండు అంచులనూ దగ్గరికి లాగి, బిగించి కుట్టేస్తారు. ఒక్కోసారి మొదటి పని కంటే ఈ రెండోదే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఎందుకో తెలియాలంటే బొంత ఎలా నిలబడుతుందో ముందు చూడాలి.

బొంతకు మూడు భాగాలు. పై గుడ్డ, అడుగు గుడ్డ, వాటి మధ్య మెత్తదనం కోసం వేసిన పొర. ఇంట్లో కుట్టుకున్న పాతకాలపు బొంతలో ఆ మధ్య పొర కూడా గుడ్డే. వాడి వాడి మెత్తబడ్డ చీరలు, పంచెలు పరిచి కుడతారు. దుకాణంలో కొన్న రజాయిలో అయితే ఏకిన దూదో, పాలిస్టర్ దూదో ఉంటుంది. ఈ పొరలన్నిటినీ కలిపి పట్టేవి వాటి గుండా పైకీ కిందికీ సాగే కుట్టు వరసలు.

ఇక గుడ్డ సంగతి. నేసిన గుడ్డలో పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ పోతాయి. వాటిని పట్టి ఉంచేది జిగురు కాదు, ముడి కాదు. రాపిడి మాత్రమే. ఒక పోగు తెగితే దాని తెగిన కొసను పట్టుకునేది ఏదీ ఉండదు. కదిలినప్పుడల్లా అది కొంచెం కొంచెంగా బయటికి జారుతుంది. మామూలు నూలు గుడ్డలో సెంటీమీటరుకు పాతిక పోగులు ఉన్నాయనుకుందాం. ఒక సెంటీమీటరు అడ్డ కోత పడితే పాతిక పడుగు పోగులు ఒకేసారి తెగినట్టు. అంతవరకు ఆ పాతికా మోసిన లాగుడు ఇప్పుడు కోత రెండు కొసల దగ్గరున్న పోగుల మీద పడుతుంది. అవి అలిసి తెగితే భారం పక్క పోగుల మీదికి మారుతుంది. కోత పెరిగేది ఇలాగే, కొసల నుంచే.

కాబట్టి బాగు చేయాల్సింది కంటికి కనిపించే చీలికను కాదు. తెగిన పోగులు మోయలేని భారాన్ని మోయడానికి ఇంకో దారి చూపించాలి. అంచులను లాగి బిగిస్తే జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. కుట్టు కోతకు మరీ దగ్గరగా, అంటే ఇప్పటికే బలం పోయిన చోట పడుతుంది. రెండువైపుల గుడ్డా కుదించుకుపోయి చుట్టూ ముడతలు వస్తాయి. పడుకుని కాళ్ళతో బొంతను లాక్కున్నప్పుడల్లా ఆ లాగుడంతా సూది చేసిన చిల్లుల వరస మీదే పడుతుంది. తపాలా బిళ్ళల షీటులో చిల్లుల వరస వెంట కాగితం చిరిగినట్టు గుడ్డ అక్కడే మళ్ళీ చిరుగుతుంది. ఈసారి చిరుగు కోతకన్నా పెద్దది.

కత్తెర కోతలో ఒక సుగుణం ఉంది. మేకుకు తగులుకుని చిరిగినప్పుడు పోగులు సాగి, పీచులై, గుడ్డ వంకర పోతుంది. కత్తెర కోతలో అంచులు శుభ్రంగా ఉంటాయి, గుడ్డ ఏమీ పోదు. పక్కపక్కన చేరిస్తే రెండు అంచులూ సరిగ్గా కలుస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కించాల్సిన పనే లేదు.

ముందుగా చూడాల్సింది ఏం తెగిందన్నది. పై గుడ్డ ఒక్కటేనా? లోపలి పొర దాకా దిగిందా? బొంతను తిరగేసి అడుగు గుడ్డ కూడా చూడాలి. ఆ తర్వాత ఎక్కువమంది మరచిపోయే ప్రశ్న ఒకటుంది. కోత దగ్గర కుట్టు వరస కూడా తెగిందా? చేతి కుట్టు ఒకే దారంతో సాగుతుంది. అది ఒక్కచోట తెగితే రెండువైపులకీ ఊడుతూ పోతుంది. అలా తెగి ఉంటే, రెండువైపులా నాలుగైదు కుట్లు విప్పి, దొరికిన దారపు కొసను సూదికి ఎక్కించి, ఒక కుట్టు వెనక్కి వేసి, కొసను మధ్య పొరలోకి దింపేయాలి. కోత మూసిన తర్వాత ఆ ఖాళీలో కొత్త దారంతో వరస పూర్తి చేయాలి.

కోత పని అయ్యేదాకా బొంతను ఉతకకూడదు. నూలు పోగు తడిస్తే బలహీనపడదు, నిజానికి కాస్త బలపడుతుంది. ఇబ్బంది బరువుతోనే. నీళ్ళు పీల్చిన బొంతను పిండి, దండెం మీద వేలాడదీస్తే దాని బరువంతా కోత కొసలను లాగుతుంది. వెంటనే కుట్టే వీలు లేకపోతే వేరే రంగు దారంతో వదులుగా నాలుగు టాకాలు (తర్వాత తీసేసే పొడుగు కుట్లు) వేసి పెట్టుకోవచ్చు. సెల్లో టేపు వద్దు. దాని జిగురు గుడ్డలోకి ఇంకి, కొన్నాళ్ళకు పచ్చటి మరకగా మిగులుతుంది. పిన్నీసు తుప్పు పడుతుంది.

రజాయిలో కుట్టు వరసల మధ్య ఎడం ఎక్కువ. అక్కడ లోపలి నుంచి ఆసరా ఇవ్వవచ్చు. పల్చటి పాత నూలు గుడ్డ ముక్క తీసుకోవాలి. కోతకు అన్నివైపులా రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించి, మూలలు గుండ్రం చేయాలి. దాన్ని మడిచి కోతలోంచి లోపలికి పంపి, స్వెటరు అల్లే సూది లాంటి మొద్దు కొనతో పరవాలి. ముక్క పై గుడ్డకూ దూదికీ మధ్య ఉండాలి. దూది బయటికి తొంగి చూస్తుంటే లాగకుండా లోపలికి నెట్టాలి. ఏకిన దూదిలో పీచులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. దూదేకులవారు వింటితో కొట్టి ఏకినప్పుడు కుదిరిన పట్టు అదే. ఒక కొస లాగితే వెనక నుంచి ఇంకొంత వస్తుంది, ఆ చోట బొంత పల్చబడుతుంది.

ఇప్పుడు కుట్టు. కోతకు ఒక సెంటీమీటరు ముందు మొదలుపెట్టి, ఒక సెంటీమీటరు దాటాక ఆపాలి. సూది ఈ అంచు నుంచి లోపలి ముక్కను పట్టుకుని ఆ అంచులో తేలాలి. మళ్ళీ అటు నుంచి ఇటు. కుట్లన్నీ అంచుకు ఒకే దూరంలో పడకూడదు. ఒకటి మూడు మిల్లీమీటర్ల దూరంలో వేస్తే తర్వాతది ఐదు దగ్గర వేయాలి. అప్పుడు చిల్లులు వరసకట్టవు. అంచులు తాకితే చాలు, దారం బిగించకూడదు. తర్వాత ముక్క చుట్టుకొలత వెంట పై నుంచి కనీకనిపించని చిన్న కుట్లు వేస్తే లాగుడు ఆరోగ్యంగా ఉన్న గుడ్డలోకి మళ్ళుతుంది. అసలు బాగు చేసేది ఈ చివరి కుట్లే. నడిమధ్యవి అంచులు తెరుచుకోకుండా చూస్తాయంతే.

దారం గట్టిదైతే మంచిదని అందరూ అనుకుంటారు. పాత గుడ్డ దగ్గర అది పొరపాటు. నైలాన్ దారం తెగదు, గుడ్డనే కోస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి తెగక తప్పదనుకుంటే తెగేది దారం కావాలి. దాన్ని మళ్ళీ వేసుకోవచ్చు, గుడ్డను తిరిగి నేయలేం. అందుకే నూలు గుడ్డకు నూలు దారం, సన్న సూది. దబ్బనం గోనె సంచులకే. దారం రంగు అచ్చంగా కలవకపోతే గుడ్డకన్నా ఒక వన్నె ముదురుది తీసుకోవాలి. ముదురు రంగు గుడ్డలో కలిసిపోతుంది, లేత రంగు పైకి కనిపిస్తుంది.

ఇస్త్రీ వేడికి అంటుకునే బక్రం వాడొచ్చా అని అడుగుతారు. కొత్త నూలు గుడ్డకైతే వాడొచ్చు. లోపల పాలిస్టర్ దూది ఉంటే మాత్రం ఆ వేడికి అది అణిగి గట్టిపడుతుంది. పాత చీర గుడ్డకు కూడా నేను వద్దనే అంటాను. జిగురు పట్టిన చోట గుడ్డ బిరుసెక్కుతుంది. బిరుసు ముక్క అంచు వెంబడి మెత్తటి గుడ్డ పదేపదే మడతపడి అక్కడే చిరుగుతుంది.

ఇంటి బొంతకు ఈ లోపలి పద్ధతి కుదరదు. వరసలు వేలి వెడల్పు ఎడంతో ఉంటాయి, ముక్క దూరే చోటే ఉండదు. అక్కడ మాసిక (పై నుంచి వేసే అతుకు గుడ్డ) వేయాల్సిందే. మాసికకు కొత్త గుడ్డ వాడితే ముందు ఉతికి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులో అది కుంచించుకుపోయి చుట్టూ ఉన్న గుడ్డను లాగేస్తుంది. దాని నిలువు పోగులు బొంత పై గుడ్డ నిలువు పోగుల వైపే ఉండాలి. అంచులు అర సెంటీమీటరు లోపలికి మడవాలి. కోత చిన్నదైనా మాసిక కనీసం రెండువైపులా ఒక్కో కుట్టు వరసను దాటాలి. చుట్టూ కుట్టాక, పాత వరసలను మాసిక మీదుగా కొనసాగించి పొరలన్నిటినీ కలపాలి. ఈ చివరి పని చేయకపోతే మాసిక ఒక జేబులా ఉబ్బి నిలుస్తుంది.

బెంగాల్ కాంతా, బిహార్ సుజని, కర్ణాటకలో సిద్దీ స్త్రీలు కుట్టే కవంది, మన బొంత, అన్నీ పాత గుడ్డతోనే పుట్టాయి. వాటికి అతుకు పడితే వింత లేదు. ఉన్నవాటి మీద ఇంకో ముక్క చేరుతుంది, అంతే. పట్టు పై గుడ్డ ఉన్న ఖరీదైన రజాయి అయితే రఫూ (అదే గుడ్డలోంచి లాగిన పోగులతో తెగిన చోట తిరిగి నేయడం) ఆలోచించాలి. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ రఫూ పనివాళ్ళు కాశ్మీరీ శాలువాలు బాగు చేయడంలో పేరు మోశారు. అది పోగు పోగుకూ లెక్క చూసే పని. మామూలు బొంతకు అంత అక్కర్లేదు.

కోత మూడు పొరల్లోనూ దిగి ఉంటే అడుగు గుడ్డ నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. రెండువైపులా ఒకే కొలత ముక్కలు వేయకూడదు. ఒకటి చిన్నదిగా, ఒకటి పెద్దదిగా ఉంటే వాటి అంచులు ఒకేచోట పడవు, మడత గీత ఏర్పడదు. దీన్ని కుట్టు మిషను మీద చేయించాలంటే టైలరుతో ముందే టాకాలు వేయమనాలి. మిషను అడుగునున్న పళ్ళు అడుగు పొరను ముందుకు లాగుతాయి, పాదం నొక్కి పట్టిన పై పొర వెనకబడుతుంది. ఫలితంగా ముడతలు వస్తాయి.

కుట్టాక మొదటిసారి ఉతికినప్పుడు బొంతను వేలాడదీయకుండా నులక మంచం మీదో, రెండు మూడు దండేల మీదుగానో పరిచి ఆరబెట్టాలి. ఆరాక కుట్టు పక్కన కొత్త ముడత కనిపిస్తే అక్కడ దారం బిగుసుకుందన్నమాట. అంతా విప్పనక్కర్లేదు. ఆ ఒకటి రెండు కుట్లు తీసి, కాస్త వదులుగా మళ్ళీ వేస్తే సరిపోతుంది.