పాత పెట్టెకు కొత్త మెదడు

కంప్యూటరు కాస్త మందగించిందంటే చాలు, దాన్ని మూలకు నెట్టి కొత్తది కొనవలసిందేనని తీర్మానించే కుటుంబాలు మన దేశంలో కోకొల్లలు. ఇంట్లో ఆన్‌లైన్ ఆటలంటే మక్కువగల కుర్రవాడో, అమ్మాయో ఉన్నట్లయితే ఆ తీర్మానం మరింత త్వరగా జరుగుతుంది. వెనువెంటనే అరవై, డెబ్బయి వేల రూపాయల ప్రస్తావన వస్తుంది. ఆపైన ఎవరూ మాట్లాడరు. పెట్టె అలాగే ఉండిపోతుంది, కోరికా అలాగే ఉండిపోతుంది. నిజానికి ఇటువంటి సందర్భాలు అనేకంలో మార్చవలసినది పెట్టెను కాదు. దాని లోపల నాలుగు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల ఒక బిళ్లను. దానినే ప్రాసెసరు అంటారు.

ఆట ఆడేవారిలోనే ఈ బిళ్ల గురించి ఒక అపోహ బలంగా పాతుకొని ఉంది. తెరపై కనిపించే బొమ్మను గీసేది గ్రాఫిక్స్ కార్డు గనుక, ఉన్న డబ్బంతా దాని మీదనే పెట్టాలని వారి నమ్మకం. ఒంటరిగా కూర్చుని ఆడుకొనే కథాప్రధానమైన ఆటలకు ఇది కొంతవరకు నిజమే. కాని పదిమంది పది ఊళ్లలో కూర్చుని ఒకే మైదానంలో పోరాడే ఆటల సంగతి వేరు. 2020లో వెలువడిన వాలరెంట్‌నే తీసుకోండి. దాని సర్వరు ఆ మైదానం స్థితిని సెకనుకు 128 సార్లు లెక్కగడుతుంది. ఎవరు ఎటు కదిలారు, ఎవరి తూటా ఎక్కడ తగిలింది, ఏ గోడ చాటున అడుగుల చప్పుడు వినిపించాలి – ఈ సమాచారం మన ఇంటికి చేరాక దాన్ని విప్పి, అర్థం చేసుకొని, ఏ బొమ్మ గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు పురమాయించేది ప్రాసెసరే. చిత్రకారుడు ఎంతటి నేర్పరి అయినా, ఏమి గీయాలో చెప్పేవాడు నోరు మెదపనంతవరకు కుంచె పట్టుకొని కూర్చోవలసినదే.

సెకనుకు 144 బొమ్మలు చూపగల తెర ముందు కూర్చున్నారనుకోండి. ఒక్కొక్క బొమ్మకు దక్కే వ్యవధి సుమారు ఏడు మిల్లీసెకండ్లు. అన్ని బొమ్మలూ ఆ వ్యవధిలో సిద్ధమై, ఎదుటివాడు హఠాత్తుగా ప్రత్యక్షమైన ఘడియలో మాత్రం ఒక బొమ్మకు ముప్పయి మిల్లీసెకండ్లు పట్టిందంటే కంటికి తెలియకపోయినా చేతికి తెలుస్తుంది, గురి తప్పుతుంది. సగటు అంకె చూస్తే మాత్రం అంతా సలక్షణంగానే కనిపిస్తుంది. ఏటి సగటు లోతు మోకాలి బంటేనని లెక్కగట్టి దిగినవాడి కథ మనకు కొత్తది కాదు. అందుచేత ఆటగాడికి కావలసినది గొప్ప సగటు కాదు, తడబాటు లేని నడక.

మరి ప్రాసెసరు ఎందుకు తడబడుతుంది? అందులోని కోర్ల సంఖ్య చాలకనే అని దుకాణాల్లో తరచు చెబుతారు. అది సగం సత్యమే. ఆటలోని పనులు చాలావరకు ఒకదాని తరువాత ఒకటిగా జరగవలసినవి. తూటా తగిలిందో లేదో తేలేదాకా మనిషి పడిపోయాడో లేదో తేలదు. ఇటువంటి పనిని పన్నెండుమందికి పంచిపెట్టలేము. ఆరు కోర్లు ఉన్నచోట మరో ఆరు చేర్చడం కంటే, ఉన్నవాటిలో ప్రతి ఒక్కటీ చురుకైనదిగా ఉండటం ముఖ్యం. అంతకంటే ముఖ్యమైనది కాష్.

అనువాదం వృత్తిగా గలవాణ్ణి కావడం వల్ల నేను మాటల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, పాఠకులు మన్నించాలి. దాచుట అనే అర్థంగల ఫ్రెంచి క్రియ నుంచి పుట్టి ఇంగ్లీషులో స్థిరపడిన మాట ఇది. నిధి అని అనువదిస్తే లంకెబిందెలు గుర్తుకు వస్తాయి. నా మటుకు నాకు మన వంటింటి పోపుల పెట్టె దీనికి సరైన పోలికగా తోస్తుంది. బియ్యం, పప్పులు సామాను గదిలో ఉంటాయి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు మాత్రం చేతికందే చోట ఉంటాయి. నూనె కాగుతూ ఉండగా ఆవాల కోసం సామాను గదికి పరుగెత్తితే ఏమవుతుందో ఏ గృహిణినడిగినా చెబుతుంది. కంప్యూటరులో సామాను గది మెమరీ. పోపుల పెట్టె కాష్. 2017లో వచ్చిన రైజన్ 5 1600 అనే ప్రాసెసరులో ఈ పెట్టె పరిమాణం 16 మెగాబైట్లు. అదీ రెండు అరలుగా విడిపోయి, ఒక అర నుంచి మరొక అరకు పోవడమే ఆలస్యం. 2022లో వచ్చిన రైజన్ 5 5600లో 32 మెగాబైట్లు, ఆరు కోర్లకూ ఉమ్మడిగా. ఆ ఏడే ఏఎండీ సంస్థ విడుదల చేసిన రైజన్ 7 5800ఎక్స్3డీలో మామూలు కాష్ మీద మరో 64 మెగాబైట్లను మేడలాగా కట్టి మొత్తం 96 చేశారు. ఆటల విషయంలో అది సృష్టించిన సంచలనం ఇంతా అంతా కాదు.

ఇవన్నీ ఏడెనిమిదేళ్ల నాటి మదర్‌బోర్డులోనే అమరడం ఈ కథలోని అసలు విశేషం. ప్రాసెసరు కూర్చునే పీఠాన్ని సాకెట్టు అంటారు. ఈ పీఠాలను మార్చడంలో తయారీదారుల పోకడ వినియోగదారులకు ఎన్నడూ మింగుడుపడలేదు. 2017 అక్టోబరులో ఇంటెల్ తన ఎనిమిదో తరం ప్రాసెసర్లను విడుదల చేసినప్పుడు పీఠంలోని మొనల సంఖ్య మారలేదు. అంతకుముందూ 1,151, ఆ తరువాతా 1,151. అయినా పాత బోర్డులు పనికిరాకుండా పోయాయి. ఏఎండీ తన ఏఎం4 పీఠం విషయంలో మరో దారి తొక్కింది. అలాగని ఇష్టపూర్వకంగానే చివరిదాకా నడిచిందనీ చెప్పలేము. కొత్తగా రాబోయే 5000 శ్రేణి ప్రాసెసర్లు పాత బోర్డులలో పనిచేయవని 2020 మే నెలలో ప్రకటించింది. బోర్డు మీది బయాస్ చిప్పులో అన్ని తరాల వివరాలకూ చోటు చాలదని ఒక కారణం చెప్పింది. కొనుగోలుదారులు తీవ్రంగా నిరసించారు. అదే నెలలో సంస్థ మెట్టుదిగి ఒక తరం బోర్డులకు అనుమతి ఇచ్చింది. అన్నింటికంటే పాతవైన 2017 నాటి బోర్డులకు ఆ భాగ్యం 2022లో గాని దక్కలేదు.

ఆ నిరసన ఫలితాన్ని 2025 దసరా సెలవులలో నేను కళ్లారా చూశాను. వరంగల్లులో చదువుకుంటున్న మా మేనల్లుడి వద్ద 2018లో కొన్న కంప్యూటరు ఉంది. ప్రాసెసరు పైన చెప్పిన 1600. గ్రాఫిక్స్ కార్డు తరువాత చేర్చిన జీటీఎక్స్ 1660 సూపర్. పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ము పదమూడు వేలు. సికింద్రాబాదులోని ఒక దుకాణంలో వాకబు చేస్తే బోర్డు, మెమరీ, ప్రాసెసరు సమస్తం మార్చాలని, నలభై వేల పైమాటేనని చెప్పారట.

"ఆటలకు అంత డబ్బెందుకురా?" అన్నారు మా బావగారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ ఆ ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం గురించి ఆయన పత్రికల్లో చదివి ఉన్నారు. ఆ చట్టమే ఇటువంటి పోటీ ఆటలను ఈ-స్పోర్ట్స్‌గా వేరు చేసి గుర్తించిందని వివరించాక ఆయన శాంతించారు గాని, నలభై వేల మాట వద్ద మాత్రం శాంతించలేదు. శాంతించకపోవడమే మంచిదైంది.

"మామయ్యా, ముందు జబ్బేమిటో తేల్చుకుందాం" అన్నాడు మావాడు. వాడు చేసిన పరీక్ష ఎవరైనా చేయవచ్చు. ఆట ఆడుతూ చిత్ర పరిమాణాన్ని సగానికి తగ్గించాలి. బొమ్మ చిన్నదైతే గ్రాఫిక్స్ కార్డుకు పని తగ్గుతుంది గనుక వేగం పెరగాలి. పెరిగిందా, లోపం కార్డుది. ఏమాత్రం పెరగలేదా, ప్రాసెసరుది. మావాడి యంత్రంలో అంకె కదలనే లేదు. టాస్క్ మేనేజరు తెరిచి చూస్తే ప్రాసెసరు పూర్తిగా శ్రమించడం లేదన్నట్లు నలభై శాతమే చూపుతుంది, దాన్ని నమ్మరాదు. ఆరు కోర్ల మీద పన్నెండు పనులు ఏకకాలంలో నడిచే యంత్రంలో ఒక్క పనివాడు చెమటోడ్చి అలసిపోయినా మొత్తంలో అతని వాటా ఎనిమిది శాతమే.

డబ్బు తీసేముందు చూసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. మెమరీ ఒకే పలకగా ఉన్నట్లయితే సామాను గదికి ఒకే తలుపు ఉన్నట్లు. రెండో పలక చేరిస్తే రెండో తలుపు తెరుచుకుంటుంది. మావాడిది ఒకే పలక. మెమరీని దాని పూర్తి వేగంతో నడిపే అమరిక బయాస్‌లో ఉంటుంది, చాలా ఇళ్లలో దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఫ్యాను రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోకూడదు. సర్వరుకు పోయి రావడానికి సంకేతానికి పట్టే కాలాన్ని ఏ ప్రాసెసరూ తగ్గించలేదు. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి సింగపూరుకు సరళరేఖలో దాదాపు 2,900 కిలోమీటర్లు; వెళ్లి రావడానికే 29 మిల్లీసెకండ్లు కావాలి. అది ప్రకృతి విధించిన సుంకం. అదే సర్వరు ముంబయిలో ఉంటే హైదరాబాదువారికి ఆ సుంకం ఆరేడు మిల్లీసెకండ్లే. తక్కినదంతా దారిలోని మజిలీల పుణ్యం.

ఇక ఎంపిక. పేర్లు చూసి మోసపోయే అవకాశం ఇక్కడ ఎక్కువ. రైజన్ 5 5500, 5600జీ, 5600 – మూడూ అన్నదమ్ముల్లా వినిపిస్తాయి. మొదటి రెండింటిలో పోపుల పెట్టె 16 మెగాబైట్లే. ఆటల కోసమైతే, ధరలో అంతరం స్వల్పమైనప్పుడు మూడోదే ఉచితం. దానితోపాటు ఫ్యాను కూడా పెట్టెలోనే వస్తుంది. 2024 జనవరిలో వచ్చిన 5700ఎక్స్3డీలో 96 మెగాబైట్ల కాష్ ఉంది గాని, దానితో ఫ్యాను రాదు, ధరా ఎక్కువ. ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు గలవారికి అది ఎడ్లబండికి రైలింజను. ఇంటెల్ యంత్రాలు గలవారూ నిరాశపడనక్కరలేదు. 2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700 పీఠం మీద పన్నెండు, పదమూడు, పద్నాలుగో తరాలు మూడూ కూర్చుంటాయి.

మావాడు 5600ను పదివేల పైచిలుకుకు, రెండో మెమరీ పలకను రెండు వేల పైచిలుకుకు కొన్నాడు. పలకను అప్పుడే కొనడం అదృష్టమని తరువాత తేలింది. ఆ సంవత్సరం చివరి నెలల్లో మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. మరో లాభం కూడా కలిసివచ్చింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందించే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఆమోదించే ప్రాసెసర్ల జాబితాలో 1600 లేదు, 5600 ఉంది.

అసలు జాగ్రత్త అంతా బిగింపులో ఉంది. కొత్త ప్రాసెసరును గుర్తించే బయాస్‌ను పాత ప్రాసెసరు కూర్చుని ఉండగానే ఎక్కించాలి. ఆ పని సాగుతుండగా కరెంటు పోయిందా, బోర్డు మొద్దుబారిపోవచ్చు. యూపీఎస్ లేనివారు ఇరుగుపొరుగున అడిగి తెచ్చుకోవడంలో నామోషీ లేదు. కొన్ని బోర్డులు ఒక్కసారిగా చివరి బయాస్‌కు దూకనివ్వవు, మధ్య మజిలీ ఒకటి కావాలంటాయి. తయారీదారు సూచనలు పూర్తిగా చదవాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే దాని రికవరీ అంకెలను ముందే కాగితం మీద రాసుకోవాలి. ప్రాసెసరు మారగానే యంత్రం తన పాత తాళపుచెవిని మరచిపోతుంది.

ఏఎం4 ప్రాసెసరు అడుగున 1,331 సూదులు ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండిన పేస్టు ఫ్యాను దిమ్మెను, ప్రాసెసరును జిగురులా అంటిపెట్టుకొని ఉంటుంది. దిమ్మెను ఒక్క ఊపున లాగితే ప్రాసెసరు కూడా పీఠంలోంచి ఊడివచ్చి సూదులు వంగుతాయి. అందుకే ముందు పది నిమిషాలు ఆట నడిపి వేడెక్కించి, ఆపివేసి, తీగ పీకి, దిమ్మెను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయాలి. కొత్తదాని మూలనున్న త్రికోణం గుర్తును పీఠం మీది గుర్తుకు సరిచూసి పెడితే తనంత తానే దిగుతుంది. వేలితో నొక్కవలసిన పని లేదు. ఫ్యానుకు కంపెనీ పూసిన పేస్టు లేకపోతే నడిమధ్య బఠాణీ గింజంత పేస్టు చాలు.

మావాడు రెండు గంటల్లో ముగించాడు. చిత్ర పరిమాణాన్ని మునుపటి స్థితికి తెచ్చి చూస్తే, జనం గుమికూడిన ఘట్టాలలో తడబడే యంత్రం ఇప్పుడు నిలకడగా నడిచింది. పాత 1600ను, దాని సూదులు చెక్కుచెదరకుండా, కొత్తది వచ్చిన ప్లాస్టిక్ డిప్పలోనే భద్రపరిచాడు. హనుమకొండలో జిరాక్సు దుకాణం నడిపే ఒకాయన రెండున్నర వేలకు దాన్ని తీసుకొన్నాడు. ఆయన కంప్యూటరులోదీ ఏఎం4 బోర్డే. అందులో అంతవరకు ఉన్నది రెండు కోర్ల అథ్లాన్.