స్థిరమైన ఐ.పి. చిరునామా ఎవరికి కావలయును?

జగిత్యాలలో ప్రధాన కార్యాలయమును, కోరుట్లయందును సిరిసిల్లయందును శాఖలును గల యొక వస్త్రవ్యాపారమును పాఠకులు ఊహింతురుగాక. లెక్కలన్నియు జగిత్యాల సర్వరునందుండును. సిరిసిల్ల గుమాస్తా తన బల్లయొద్దనుండియే వానిని చూడవలయును. ఇట్టి యేర్పాటు కోరువారు “స్టాటిక్ ఐ.పి. కొన్నచో చాలునా?” యని యడుగుట పరిపాటి.

ఐ.పి. చిరునామా యనగా అంతర్జాలమున ఇంటి నంబరు వంటిది. ఐ.పి.వి.4 పద్ధతిలో నంబరునకు 32 బిట్లే గనుక మొత్తము నంబర్లు సుమారు 429 కోట్లు. వాని కేంద్రనిల్వ 2011 ఫిబ్రవరి 3వ తేదీన ముగిసెను. ఈ కొరతచే కనెక్షను ఇచ్చువారిలో పలువురు పెక్కు ఇండ్లను ఒకే నంబరు వెనుక నుంచుదురు. మన వసతిగృహమునే చూడుడు. తలుపు నంబరొకటే. లోపలి బాలుడు వ్రాసిన జాబునకు ప్రత్యుత్తరము వచ్చినచో అది యెవనిదో కాపరి యెరుగును. పేరులేని క్రొత్త జాబు వచ్చినచో ఏ గదికి పంపవలయునో యెరుగడు. రౌటరు చూపు బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల వరుసలో నున్నచో మనమును అట్టి వసతిగృహవాసులమే. ఆ వరుస 2012లో ఈ పనికై ప్రత్యేకింపబడినది.

కాబట్టి స్థిరమైన నంబరు పిలువబడువానికి, అనగా జగిత్యాలకు, కావలయును. పిలుచువాని నంబరు దినదినము మారినను చింత లేదు. ఫలానా నంబర్లనుండి వచ్చువారినే రానిచ్చు నియమము జగిత్యాలలో పెట్టుకొన్నప్పుడు మాత్రము శాఖలకును అది యవసరమగును. ఊరకే మూడుచోట్లకును కొని అద్దె చెల్లించుట మాకు సమ్మతము కాదు. (గల్ఫునుండి ఇంటి కెమెరాను చూచుకొనువారికి సాధారణముగా ఇదియు నక్కరలేదు, కెమెరా కంపెనీ సర్వరే నడుమ నిలిచి ఉభయులను కలుపును.)

భద్రత వేరు సంగతి. స్థిరమైన నంబరు ఇంటిని చూపును గాని తాళము వేయదు. 2013లో మిచిగాన్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన జీమ్యాప్ అను సాధనముతో ఒక్క కంప్యూటరే 45 నిమిషములలోపల ఐ.పి.వి.4 ఇండ్లన్నిటి తలుపును తట్టగలదు. కోరుట్ల చిన్న పట్టణము, మనల నెవడు వెదకునని యనుకొనుటకు వీలులేదు. 2017 మే నెలలో వన్నాక్రై యను పురుగు విండోస్ ఫైళ్ల పంపకపు తలుపుగుండ లోకమంతట చొరబడి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను గూడ కొన్నింటిని పట్టుకొనెను. ఆ లోపమునకు మైక్రోసాఫ్టువారి మరమ్మతు మార్చిలోనే వెలువడియుండెను.

కావున రిమోట్ డెస్క్‌టాపును నేరుగా వీధికి తెరవరాదు. ముందు వి.పి.ఎన్. పెట్టి, దానిలోపలినుండియే సర్వరును చేరవలయును. వైర్‌గార్డ్ అను వి.పి.ఎన్. తాళపుచెవి లేనివాడు తట్టినప్పుడు బదులే పలుకదు. ఒక్కొక్క గుమాస్తాకు వేర్వేరు చెవి నిచ్చి, పని మానినవాని చెవిని ఆనాడే రద్దు చేయవలయును.

స్థిరమైన నంబరు దొరకనిచో, మారుచుండు పబ్లిక్ నంబరునకు డైనమిక్ డి.ఎన్.ఎస్. ద్వారా స్థిరమైన పేరు పెట్టుకొనవచ్చును. ఒకే నంబరు వెనుక నున్నవారికి ఆ పేరు పనికిరాదు. వారు వేరొకచోట స్థిరమైన నంబరుగల చిన్న సర్వరును అద్దెకు తీసికొని, జగిత్యాలయు శాఖలును దానినే పిలుచునట్లు అమర్చవలయును. కనెక్షను ఇచ్చువారిని “స్థిరమైనదా?” యని మాత్రమే గాక “బయటివారికి అందునదా?” యని కూడ అడిగి, జవాబును వ్రాతలో తీసికొనవలయును.