రైలు ఎవరి చేతుల్లో ఉండాలి?

చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా పెద్ద రైల్వే జంక్షన్. ఢిల్లీ నుండి చెన్నై వెళ్ళే ప్రధాన మార్గం దీని మీదుగానే పోతుంది. కాగజ్‌నగర్, మంచిర్యాల, వరంగల్ వెళ్ళాలన్నా మనకు ఇదే దారి. చంద్రపూర్ గనుల బొగ్గు కూడా ఈ పట్టాలపైనే దూర ప్రాంతాలకు చేరుతుంది.

2022 ఏప్రిల్‌లో దేశంలోని విద్యుత్ కేంద్రాలకు బొగ్గు కొరత ఏర్పడింది. బొగ్గు బండ్లకు దారి ఇవ్వడానికి రైల్వేశాఖ అనేక ప్రయాణికుల బండ్లను కొంతకాలం రద్దు చేసింది. ఎందుకిలా జరిగింది? రద్దీ మార్గాల్లో పట్టాలు తక్కువ, బండ్లు ఎక్కువ. పైగా టికెట్ల వల్ల వచ్చే డబ్బు ప్రయాణికుల బండ్ల ఖర్చుకు చాలదు. సరుకు రవాణా ఆదాయంతో ఆ లోటు పూడ్చాలి. రైల్వేలను ప్రైవేటు సంస్థలకు అప్పగిస్తే పెట్టుబడి, పోటీ పెరిగి ఇబ్బందులు తీరుతాయని కొందరి వాదన.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1853లో బొంబాయి, ఠాణాల మధ్య మన దేశపు తొలి ప్రయాణికుల రైలును నడిపింది ప్రైవేటు కంపెనీయే. దాని పెట్టుబడిపై ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. తగ్గిన సొమ్మును ప్రజల పన్నుల నుండి చెల్లించేవారు. నష్టభయం లేనందున కంపెనీలకు పొదుపుపై శ్రద్ధ లేకపోయింది. హైదరాబాదు సంస్థానంలో కూడా హామీ పొందిన కంపెనీయే రైళ్ళు నడిపింది. కాజీపేట - బల్లార్షా మార్గం 1929లో పూర్తయింది. 1930లో నిజాం ప్రభుత్వం ఆ రైల్వేను కొనివేసింది.

ఇతర దేశాల అనుభవం చూద్దాం. జపాన్ 1987లో జాతీయ రైల్వేను విభజించి కంపెనీలుగా మార్చింది. పెద్ద నగరాల కంపెనీలు లాభాలు గడించాయి. జనం పలుచగా ఉన్న హొక్కైడో దీవిలో మాత్రం నష్టాలు వచ్చి, కొన్ని మార్గాలు మూతపడ్డాయి. బ్రిటన్‌లో పట్టాల బాధ్యతను ఒక కంపెనీకి అప్పగించారు. 2000లో హాట్‌ఫీల్డ్ వద్ద పగుళ్ళుపట్టిన పట్టా విరిగి నలుగురు మరణించారు. 2002లో ఆ బాధ్యత లాభాపేక్ష లేని సంస్థకు మారింది.

మన ప్రభుత్వం 2020లో 109 మార్గాల్లో 151 రైళ్ళు నడపడానికి ప్రైవేటు సంస్థలను ఆహ్వానించింది. తగిన స్పందన లేక ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు.

లాభం వచ్చే మార్గానికి కంపెనీ దొరకవచ్చు. కాని చిన్న స్టేషన్లలో ఆగే పాసింజరు బండి సంగతేమిటి? కూలీలకు, విద్యార్థులకు, చిరువ్యాపారులకు అదే ఆధారం. దాని నష్టం ఎవరు భరిస్తారు? ఆలస్యానికి, ప్రమాదానికి ఎవరు జవాబు చెబుతారు? ఈ ప్రశ్నలు ప్రభుత్వ రైల్వేకూ వర్తిస్తాయి. వీటికి సమాధానం లేకుండా యజమాని మారినంత మాత్రాన రైలు బాగుపడదు.