ఒలీక్ ఎక్కువుంటే జీఎం అయినట్టేనా?

నూనెలో ఒలీక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువున్న సోయా అంటే జీఎం (జన్యుమార్పిడి) పంటేనట. ఆ నూనె తింటే మార్చిన జన్యువులు ఒంట్లోకి చేరతాయట. ఫోన్లలో తిరిగే ఈ మాట మంచి వంగడాలకూ మచ్చ తెస్తోంది. మన దేశంలో జీఎం సోయా సాగుకు అనుమతే లేదు. మరి ఆదిలాబాద్ రైతు పంటను అనుమానించడం ఏం న్యాయం?

గింజలో ముందు ఒలీక్ ఆమ్లం తయారవుతుంది. ఎఫ్‌ఏడీ2 జన్యువుల ఎంజైమ్ దానికి ఇంకో ద్విబంధం చేర్చి లినోలిక్‌గా మారుస్తుంది. ఎఫ్‌ఏడీ3 ఎంజైమ్ మూడోది చేర్చితే అది లినోలెనిక్ అవుతుంది. అందుకే మామూలు సోయా నూనెలో ఒలీక్ 23 శాతం దగ్గరే ఉంటే, లినోలిక్ 50 శాతం దాటుతుంది. గింజలో ఈ పని ముఖ్యంగా ఎఫ్‌ఏడీ2-1ఏ, 2-1బీ జన్యువులది. ఒకటి చెడితే రెండోది నెట్టుకొస్తుంది. రెండూ చెడితేనే ఒలీక్ 80 శాతానికి చేరుతుంది.

దీనికి బయటి జన్యువు అక్కర్లేదు. ఈ జన్యువుల చెడిన ప్రతులు కొన్ని పాత రకాల్లో సహజంగానే ఉన్నాయి, కొన్నింటిని విత్తనాలకు రసాయనం పట్టించి రప్పించారు. అమెరికా శాస్త్రవేత్తలు వాటిని మామూలు సంకరణంతోనే ఒక మొక్కలోకి తెచ్చి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఇండోర్ సోయాబీన్ పరిశోధన సంస్థ రూపొందించిన ఎన్‌ఆర్‌సీ 147లో ఒలీక్ సుమారు 42 శాతం. అదీ జీఎం కాదు.

పుకారులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. అమెరికాలోని ప్లెనిష్, విస్టివ్ గోల్డ్ జీఎం రకాలే. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి మనకొచ్చే నూనె కూడా చాలావరకు జీఎం గింజలదే. కానీ ఆ గింజల్ని మార్చింది ప్రధానంగా కలుపు మందును, పురుగును తట్టుకోవడానికి. కొవ్వు ఆమ్లాల పాళ్లు మామూలువే. పైగా శుద్ధి చేసిన నూనెలో డీఎన్‌ఏ దాదాపు మిగలదు. మిగిలిన కాస్తా ఏ తిండిలోని డీఎన్‌ఏలాగైనా కడుపులో అరిగిపోతుంది.

సోయా నూనె మీద ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టకపోతే కల్తీ అన్నది తప్పు, సోయా నూనెలో సంతృప్త కొవ్వు 15 శాతమే. ఒకే విత్తనం ఎక్కడ వేసినా ఒకే నూనె అన్నదీ తప్పే, గింజ గట్టిపడేటప్పుడు వేడి ఎక్కువైతే ఒలీక్ పెరుగుతుంది.

ఈ పుకార్లకన్నా పట్టించుకోవాల్సింది మూకుడుని. లినోలెనిక్ త్వరగా ఆక్సీకరణ చెందుతుంది. బజ్జీలు వేసిన సోయా నూనె నురగ కట్టి, చిక్కబడి, చేప వాసన కొడుతుంటే పారబోయాలి. ఒలీక్ ఎక్కువున్న నూనె వేడికి మరింత నిలుస్తుంది. అలాంటి వంగడం వేసిన రైతు నూర్పిడికి ముందే యంత్రంలో మిగిలిన పాత గింజల్ని దులిపించాలి, బస్తాలు వేరుగా పెట్టాలి. మామూలు సోయా కలిసిన మేరకు ఒలీక్ పాలు పడిపోతుంది.